ఖనాతుల లెక్క

మొన్న సాయంత్రం ఐదూ పదికి వదిన ఇంటి ముందు టెంటు సామాన్ల ఆటో వచ్చి ఆగింది. మరునాడు ఆమె దినం. ఆటోలోంచి ఇద్దరు పడుచువాళ్ళు దిగి ఇనుప పైపులు దించారు. ఒకతను ఫోను పైకెత్తి వాకిలిని ఈ మూల నుంచి ఆ మూల దాకా దానికి చూపించి, దాని తెర మీద పడ్డ కొలత చదివి, "ముప్పై బై ఇరవై సరిపోతది ఆంటీ" అన్నాడు. నన్ను ఇంటి మనిషి అనుకున్నట్టున్నాడు. కప్పులో కాఫీ చల్లారేలోపు టెంటు నిలబడింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను మెట్టు మీదే కూర్చున్నాను. మా బాపుది ఇదే పని. వదిన మా మేనత్త కూతురు. బాపు పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఆమె కూడా పోయింది. ఆమెను గురించి మంచిమాటలు చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. నా దగ్గర ఉన్నది వేరు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో నాకు ఆమె మీద అసూయ పుట్టింది. అది ఇప్పటికీ అలాగే ఉంది. మెట్టు మీద కూర్చున్నప్పుడు కూడా, బాపును ముందుగా కలుసుకునేది ఆమే కదా అనుకున్నాను. అలాంటి లోకం ఒకటి ఉందని నేను నమ్మను. అయినా అనుకున్నాను.

అప్పట్లో టెంటు హౌస్ అనేవాళ్ళం కాదు. డేరాల దుకాణం అనేవాళ్ళం. మెదక్‌లో ఖిల్లా కింది బజారులో రెండు గదులు. ముందు గదిలో పెట్రోమాక్స్ లైట్లు, గంగాళాలు, గరిటెలు. వెనక గోదాములో గుడ్డ. పైన కట్టేది షామియానా, కింద పరిచేది జంపఖానా, చుట్టూ అడ్డంగా కట్టే తెర ఖనాతు. ఈ మూడూ మడతలు పెట్టి కప్పు దాకా పేర్చి ఉండేవి. మడతల మధ్య వేపాకు వేసేవాళ్ళు. గోదాములో ఎండిన వేపాకు వాసన, కిరసనాయిలు వాసన, వాటి అడుగున ఎన్ని ఉతుకులు ఉతికినా పోని బగార మసాలా వాసన. వాన పడితే అన్నిటినీ కప్పేస్తూ తడిగుడ్డ వాసన. ఊళ్ళో వాళ్ళు తిన్న పెళ్ళిభోజనాలన్నీ ఆ గుడ్డలో కొంచెం కొంచెం మిగిలి ఉండేవి.

ఖనాతు లేకుండా శుభకార్యం జరిగేది కాదు. షామియానా చిరుగున్నా ఓర్చుకునేవారు. కానీ ఆడవాళ్ళు బంతిలో కూర్చుని తినేచోట చుట్టూ తెర కట్టకపోతే పెళ్ళివాళ్ళకు తలకొట్టేసినట్టయ్యేది. కాబట్టి బాపు పనిలో అసలు సంగతి ఖనాతులే. ఎన్ని పడతాయో ముందే తెలియాలి, బండి మీద అన్నీ వెళ్ళాలి. ఇంకొక్కటి కావాలంటే ఆ వేళప్పుడు తెచ్చేదెవరు?

మా దుకాణంలో జాగాను గజాలతో చెప్పేవారు కాదు, జంపఖానాలతో చెప్పేవారు. పన్నెండు జంపఖానాల పని, ఇరవై జంపఖానాల పని. అన్నీ ఒకే మగ్గం కొలతవి కాబట్టి అలా చెప్పడంలో తప్పేమీ కనపడేది కాదు. జంపఖానాల లెక్క చెప్తే బాపు ఖనాతుల లెక్క నోటితో చెప్పేవాడు. ఆయనకు ఆయన తండ్రి అలాగే నేర్పాడు. గుంజలు పాతే పెద్దాయనకూ అదే లెక్క వచ్చు. ఆయన్ని మేము చాచా అనేవాళ్ళం. బాపు ఆయన్ని భాయి అనేవాడు, ఆయన బాపును సేఠ్ అనేవాడు. ఇద్దరూ ఒకే బీడీకట్టలోంచి కాల్చుకునేవారు.

నేను ఒక్కతే బిడ్డను. బడి వదలగానే గోదాములోకి వెళ్ళి జంపఖానాల మడతలెక్కి పడుకునేదాన్ని. చుట్టలు చుట్టి నిలబెట్టిన జంపఖానాల్లో దూరి, చాచా వచ్చినప్పుడు లోపలినుంచి మూలిగేదాన్ని. ఆయన ప్రతిసారీ భయపడినట్టు చేసేవాడు. బాపు జంపఖానా కొలత తాడు పట్టి జాగా చూసుకునేటప్పుడు ఒక కొస నాకిచ్చేవాడు. "గట్టిగ పట్టు బిడ్డా, ఇడువకు." ఇంకో కొస ఆయన చేతిలో ఉండేది. నాకున్న ఆస్తి అదే అని అప్పుడు తెలియదు. ఇంకొకరు పంచుకోవడానికి వచ్చాక తెలిసింది.

వదిన కౌడిపల్లి నుంచి వచ్చింది. అక్కడినుంచి పై తరగతుల కోసం రోజూ పోయిరావడం కష్టమని మా మేనత్త ఆమెను రేకుపెట్టెతో, ఒక జాడీ మామిడికాయ తొక్కుతో తెచ్చి మా ఇంట్లో దింపింది. నాకంటే ఏడాది పెద్దది, కానీ ఇద్దరం ఎనిమిదిలోనే చేరాం. ఆమెకు రెండు జడలు. పొడుగాటి వేళ్ళు. ఎవరేం చెప్పినా వెంటనే జవాబివ్వదు. ముందు వింటుంది. ఇంట్లో అందరికీ నచ్చింది ఈ గుణమే. నాకు నచ్చనిదీ అదే, ఎందుకంటే నాకు లేనిది అదే.

మొదటి రాత్రే నాయినమ్మ పక్కన నా చోటు పోయింది. "తల్లిని ఇడిసివెట్టి వచ్చిన పోరి, దాన్ని ఈడ పండనియ్యి" అంది నాయినమ్మ. అమ్మ సర్వపిండి కాల్చినప్పుడు కరకరలాడే అంచు నాకిచ్చేది. ఇప్పుడు అంచు విరిచి ముందు ఆమె పళ్ళెంలో వేసేది. బడిలో లెక్కల సారు "కౌడిపల్లి పిల్లను చూసి నేర్చుకోండి" అనేవాడు. వీటన్నిటినీ సహించాను. బాపు ఆమెను కోడలా అని పిలిచేవాడు, నన్ను బిడ్డా అనేవాడు. ఆ తేడా ఉన్నంతకాలం ఏదైనా సహించగలననుకున్నాను. దసరా దాటాక ఒకరోజు ఆయన దుకాణంలోంచి "బిడ్డా, మంచినీళ్ళు తే" అని పిలిచాడు. నేను లేచేలోపు ఆమె చెంబుతో వెళ్ళింది. ఆయన తీసుకుని తాగాడు. తప్పు మనిషి తెచ్చిందని ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు. ఆనాటి నుంచి ఆ పిలుపుకు ఇద్దరం తలతిప్పేవాళ్ళం.

అమ్మ కనిపెట్టింది. బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "కండ్లల్ల నిప్పులు పోసుకోకు. నీ సొమ్మేం తింటున్నదే అది?" అంది.

"నా జాగల పంటుంది, నా అంచు తింటుంది" అన్నాను.

"అయితె నడిమిది నువ్వు తిను. మెత్తగుంటది" అంది అమ్మ.

వేసవిలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. చర్చి అవతల ఒక ఇరుకు గల్లీలో పెళ్ళి వచ్చింది. పన్నెండు జంపఖానాల పని. ఎప్పుడూ వాకిళ్ళలో మూడు పొడుగుల మేర, నాలుగు అడ్డాల మేర పరిచేవాళ్ళు. గల్లీలో అంత వెడల్పు లేదు కాబట్టి ఆరు పొడుగులు వరుసగా, రెండేసి పక్కపక్కన పరిచారు. జంపఖానాలు సరిగ్గా సరిపోయాయి. బాపు సంతోషించాడు. పన్నెండు జంపఖానాలకు ఎప్పుడూ తీసినన్ని ఖనాతులే బండి మీద వచ్చాయి.

వదిన, నేను తిండికోసం వెళ్ళాం. బగార అన్నం, వంకాయ కూర, చివర బూందీ. ఆడవాళ్ళ బంతి కూర్చున్నాక చాచా ఖనాతులు కట్టుకుంటూ గల్లీ చివరికి వచ్చాడు. చేతిలో ఖనాతు అయిపోయింది, గల్లీ ఇంకా ఉంది. ఒక పక్కంతా తెరుచుకుని ఉంది. బజారులో పోయేవాళ్ళు ఆగి చూడడం మొదలుపెట్టారు. పెళ్ళికూతురి నాయినమ్మ చేతిలో ముద్ద పట్టుకునే లేచింది.

"ఓ డేరాలాయనా! ఆడోళ్ళు బుక్క పెట్టుకుంటుంటె బజారంత సూడాల్నా? మూరెడు గుడ్డ లేనోనివి బయానా ఎందుకు తీసుకున్నవయ్యా?"

"జర ఆగుండ్రి పెద్దమ్మా, కడుతున్నం" అన్నాడు బాపు. కట్టడానికి ఏమీ లేదు. చివరికి పెళ్ళివాళ్ళ ఇంట్లోంచి చీరలు తెచ్చి కట్టారు. పసుపుపచ్చ చీర ఒకటి, వంగపండు రంగుది ఒకటి. అది తన చీర అని, అడగకుండా తీశారని పెళ్ళికూతురి మేనత్త అలిగి కూర్చుంది. ఆమెను బతిమాలడానికి మరో పూట పట్టింది. బాపు అక్కడ తినలేదు. ఆయన తినలేదని చాచా కూడా తినలేదు. నేను, వదిన మాత్రం తిన్నాం.

దుకాణానికి వచ్చాక బాపు గోదాము గడపమీద కూర్చున్నాడు. "పన్నెండు జంపఖానాల పనే గదా భాయి. ఎప్పుడు తీసినన్నే తీసినం. ఎట్ల తక్కువ పడ్డయి?"

"నన్నడుగుతున్నవా సేఠ్? ఖనాతుతోని నేనేమన్న లుంగీ కుట్టిచ్చుకున్ననా?" అన్నాడు చాచా. ఆయన నవ్వించాలని చూశాడు. బాపు నవ్వలేదు. జాగా అంతే, జంపఖానాలు అన్నే, మరి చుట్టుకొలత ఎలా పెరిగిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. మా దుకాణంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెయ్యని పొరపాటు ఇది. జాగాను గజాలతో కొలిచేవాడైతే అంచుల వెంట నడిచి కొలిచి ఉండేవాడు. మేము పరిచిన గుడ్డను లెక్కపెట్టేవాళ్ళం.

మరునాడు పొద్దున వదిన వంటింట్లోంచి అగ్గిపెట్టెలు తెచ్చి గోదాము బండల మీద ఒకపక్క వాకిలి లెక్కన, ఒకపక్క గల్లీ లెక్కన పేర్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏం చెయ్యబోతున్నదో మొదటి నాలుగు పెట్టెలు పెట్టగానే నాకు అర్థమైంది. సారు ఆ నెలలోనే చెప్పాడు. దీర్ఘచతురస్రం పొడవు, వెడల్పు, చుట్టుకొలత, అంకెల బదులు అక్షరాలు. నాకూ తెలుసు. కానీ ఆమె బాపును అప్పటికే పిలిచేసింది.

"మామా, గిటు సూడు. ఒక్కో పెట్టె ఒక జంపఖానా. దీని పొడుగు ఎక్స్ అనుకుందాం. అడ్డం వై."

"ఎక్స్ అంటె ఎంత?" అన్నాడు బాపు.

"ఎంతన్న కాని మామా."

"ఎంతో తెల్వకుంట లెక్క ఎట్ల చేస్తవు కోడలా?"

చాచా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "తెల్వకుంటెనే మంచిగుంటది సేఠ్. మన జంపఖానాలు ఉతికినప్పుడల్ల ముడుసుకుంటయి. ఇయ్యాల జెప్పిన కొలత రేపుండదు."

వదిన సుద్దముక్కతో బండ మీద రాసింది. వాకిట్లో అయితే ఒక వైపు మూడు ఎక్స్‌లు, ఒక వైపు నాలుగు వైలు. చుట్టూ తిరిగి వస్తే ఆరు ఎక్స్‌లు, ఎనిమిది వైలు. గల్లీలో ఒక వైపు ఆరు ఎక్స్‌లు, ఒక వైపు రెండు వైలు. చుట్టూ తిరిగి వస్తే పన్నెండు ఎక్స్‌లు, నాలుగు వైలు. ఒకదాని కింద ఒకటి రాసి తీసివేసింది.

"గల్లీకి ఆరు ఎక్స్‌లు ఎక్కువ, నాలుగు వైలు తక్కువ. పొడుగు అడ్డం కంటె ఎప్పుడూ పెద్దదే గదా మామా. అంటె జంపఖానా ఏ కొలతదైనా గల్లీకే ఖనాతులు ఎక్కువ వడ్తయి."

బాపు బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తర్వాత అగ్గిపెట్టెల చుట్టూ వేలితో తిరిగాడు, ముందు ఒకదాని చుట్టూ, తర్వాత రెండోదాని చుట్టూ. రెండోదాని చుట్టూ తిరిగిన వేలు బయల్దేరిన చోటికి ఆలస్యంగా వచ్చింది. "మా నాయిన గూడ జెప్పలే ఇది" అన్నాడు. అని ఆమె తలమీద చెయ్యి పెట్టాడు.

ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతుంది. నేను అంత దగ్గరగా కూర్చున్నా అది నా దాకా రాలేదు.

ఆనాటి నుంచి బయానా తీసుకునే ముందు బాపు జాగా చూడడానికి ఆమెను వెంట తీసుకుపోయేవాడు. సైకిలు మీద, ముందు కడ్డీ మీద. ఆడపిల్లను అలా తిప్పడమేమిటని ఎవరో అంటే, "లెక్కలపిల్ల, మా కోడలు" అనేవాడు. తాడు రెండో కొస ఆమె పట్టుకునేది. తిరిగి వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తెచ్చేవారు. నాకోసం తెచ్చినవే. చల్లగా ఉండేవి. వాళ్ళు వేడిగా తిని ఉంటారని నాకు తెలుసు. ఆమె వేళ్ళ మీద నూనె మెరుస్తూ ఉండేది.

నేను గోదాములో ఒంటరిగా అగ్గిపెట్టెలు పేర్చేదాన్ని. అమ్మ పొయ్యి దగ్గరనుంచి "అగ్గిపెట్టెలన్ని యాడవాయెనే? రాయి గీకి అంటియ్యాల్నా?" అని అరిచేది. పదిపెట్టెలు, పదహారు పెట్టెలు, ఇరవైనాలుగు పెట్టెలు. అన్ని విధాలుగా పేర్చి ప్రతిదానికీ చుట్టుకొలత రాసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసేదాన్ని. చదువుమీద ప్రేమతో కాదు. ఆమె చెప్పనిది ఒక్కటైనా ఉండకపోతుందా అని. అసూయ మనిషికి ఏమీ నేర్పదని తర్వాత చాలా పుస్తకాల్లో చదివాను. నాకు మాత్రం బీజగణితం నేర్పింది.

ఆ సీజను చివర్లో ఒకే ముహూర్తానికి రెండు పనులు వచ్చాయి. ఒకటి మెదక్‌లోనే, ఒప్పుకున్నది. రెండోది పాపన్నపేటలో, పటేలు ఇంట్లో. ఆ ఇంటి పని దొరికితే మంజీర ఏటి అవతలి ఊళ్ళన్నీ మా దుకాణానికే వస్తాయి. రెండూ పదహారు జంపఖానాల పనులే. మెదక్ పనికి నాలుగు పొడుగులు, నాలుగు అడ్డాలు పరవాలి. పాపన్నపేటలో ఇంటి పక్కన సన్నటి కళ్ళం జాగా, రెండు పొడుగులు, ఎనిమిది అడ్డాలు. గోదాములో ఉన్న ఖనాతులు మెదక్ పని లాంటివి రెండు చెయ్యడానికి సరిగ్గా సరిపోతాయి. పాపన్నపేట పనికి అంతకంటే ఒక్కటి ఎక్కువ పట్టినా మళ్ళీ చీరలు కట్టించుకోవాలి. ఈసారి పటేలు ఇంట్లో.

బాపు అన్నం తింటూ అడిగాడు. "ఏం కోడలా, ఏమంటవు?"

వదిన ముద్ద మింగి, "సన్నటి జాగ గదా మామా. గల్లీ లెక్కనే. ఎక్కువ వడ్తయి. వద్దనుండ్రి" అంది. ఆమె ఆలోచించకుండా జవాబు చెప్పడం అదే మొదటిసారి చూశాను. ఆమె చేతిలో ఉన్నది ఒకసారి గెలిచిన లెక్క. ఎనిమిది అనగానే పొడుగ్గా కనిపించింది.

పచ్చిపులుసు నా పళ్ళెంలోంచి కారి బండమీదికి పోతున్నది. నేను ఎడమచేతి వేలితో దాంట్లోనే రాశాను.

"చెప్పలేం బాపు" అన్నాను. "ఇక్కడ ఎనిమిది ఎక్స్‌లు, ఎనిమిది వైలు. అక్కడ నాలుగు ఎక్స్‌లు, పదహారు వైలు. తీసేస్తె ఎనిమిది వైలు ఎక్కువ, నాలుగు ఎక్స్‌లు తక్కువ. పొడుగు అడ్డానికి రెండింతలుంటె రెండూ సమానం. రెండింతల కంటె ఎక్కువుంటె పాపన్నపేటకే తక్కువ వడ్తయి."

"అన్నం తినవే ముందు. పులుసులో రాతలేంది?" అంది అమ్మ.

బాపు పళ్ళెం జరిపాడు. వదిన వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇద్దర్ల ఎవరిది నిజమైతె వాళ్ళు నాతోని పాపన్నపేటకు ట్రాక్టర్ల వస్తరు" అన్నాడు. సరదాకే అన్నాడు. నేను మాత్రం అప్పుడే చెయ్యి కడుక్కుని లేచాను.

గోదాములోకి అందరం వెళ్ళాం. టేపు వెతకబోతుంటే వద్దన్నాను. మగ్గం నుంచి కొత్తగా వచ్చిన జంపఖానా ఒకటి తీసి పరిచి, పొడుగును సగానికి మడిచాను. రెండింతలే అయితే సగం మడిచాక నాలుగు వైపులూ సమానం కావాలి. ఒక మూలను పట్టుకుని ఐమూలగా మడిచాను. అంచు మీద అంచు వచ్చి కూర్చుంది. వేలెడు కూడా తేడా లేదు. పాతదొకటి తీసి అలాగే మడిచాను. పొడుగు చాలలేదు. ఉతుకుల్లో ముడుచుకుంది.

చాచా నెత్తి గోక్కున్నాడు. "అరె, కొత్తవైతె అదే డేరా, తిప్పి కట్టినట్టు. అంతే గదా సేఠ్? కొత్తవి పాపన్నపేటకు పంపుదాం, ముడుసుకున్నయి ఈడ పరుద్దాం. ఖనాతు మిగిల్తె మిగుల్తది గని తక్కువ వడదు."

బాపు రెండు పనులూ ఒప్పుకున్నాడు.

పెళ్ళినాటి పొద్దున ట్రాక్టరు ట్రాలీలో జంపఖానాల మడతలమీద బాపు పక్కన కూర్చున్నాను. కోసిన వరిమళ్ళ వాసన. డీజిలు వాసన. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. ఎదురుగాలికి బాపు రుమాలు నా ముఖాన కొట్టుకుంటుంటే నేను దాన్ని తొలగించలేదు. గుమ్మంలో నిలబడి మమ్మల్ని పంపిన వదిన ముఖం చూశాను. కోపం లేదు, నవ్వు లేదు. బీడు పడ్డ మడిలా ఉంది. దాన్ని చూసి నేను సంతోషించాను.

పాపన్నపేటలో ఖనాతులు సరిపోయాయి. చివరిది గుంజకు తాకి ఆగింది. పటేలు వచ్చి చుట్టూ తిరిగి చూసి, బాపు పక్కన నన్ను చూశాడు.

"నువ్వేనా బిడ్డా లెక్కలపిల్లవు? కౌడిపల్లి నుంచి వచ్చినవంట? మీ మామ ఊరూర చెప్తుండు."

నేను బాపు వంక చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన తాడు ముడి వేస్తున్నాడు. పళ్ళ మధ్య తాడు ఉంది. దాన్ని తీసి నవ్వుతూ, "ఇద్దరూ మా పిల్లలే పటేలా. ఎవరైతేంది" అన్నాడు. మళ్ళీ తాడు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ఆయన మంచిమనిషి. అందులో తప్పేమీ లేదని నాకు అప్పుడే తెలుసు. వచ్చేటప్పుడు ట్రాలీలో ఆయన పక్కన కాకుండా వెనక, ఖాళీ గంగాళాల దగ్గర కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక వదిన నాతో ఆ రోజు మాట్లాడలేదు. మరునాడూ మాట్లాడలేదు. గోదాములో కూర్చుని అగ్గిపెట్టెలు పేర్చడం, చెరపడం విన్నాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బావి దగ్గర నేను బట్టలు జాడిస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెప్పిందే కరెక్టు" అంది. "నేను మళ్ళ మళ్ళ చేసి చూసిన. సన్నగుంటె ఎక్కువని అనుకున్న. నేను తీసి చూడలే, నువ్వు తీసినవు. ఆ మడతపెట్టుడు నాకు తట్టకపోవు."

"సరే" అన్నాను.

"ఉత్త సరేనా?"

"ఇంకేమనాలె?"

"ఏమన్న అనొచ్చు. గింత మాట నేను ఎవ్వలకు చెప్పలే ఇంతవరకు" అంది. నా చేతిలోంచి తడిచీర ఒక కొస తీసుకుంది. ఇద్దరం చెరో వైపు మెలిపెట్టి పిండాం. అంతకు మించి ఏమీ జరగలేదు. మేము స్నేహితులం కాలేదు. వేసవి అయిపోయింది, బడి తెరిచారు, బాపు మళ్ళీ ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళను తీసుకుపోయేవాడు. ఎదురుగా ఉండేది ఎక్కువగా ఆమే.

తర్వాత ఆమె ఈ ఊళ్ళోనే కాపురం చేసింది. నేను ఉద్యోగంతో ఊళ్ళు తిరిగాను. బాపు జబ్బుపడి పోయేవేళకు నేను ఇంకా బస్సులో ఉన్నాను. ఆయన బిడ్డా అని పిలిచాడట, ఆ పిలుపు అందేంత దగ్గరలో ఆమె ఉంది. ఆమె పలికింది. ఆయన ఎవరిని పిలిచాడో ఆమె నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అలా నలభై ఏళ్ళు మర్యాదగా గడిపాం.

దినం నాడు భోజనాలయ్యాక, ఆ ఇనుప పైపుల టెంటు కింద, వదిన కూతురు బంధువుల పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని వాళ్ళ అమ్మ సంగతులు చెప్పింది. ఆ అమ్మాయి బాగా చెప్తుంది. గల్లీ పెళ్ళి, చీరలు, అగ్గిపెట్టెలు అన్నీ చెప్పింది. చీరలు రెండు కాదు, పది అయ్యాయి. తర్వాత పాపన్నపేట వచ్చింది.

"అప్పుడు మా అమ్మ ఏం చేసిందో ఎరుకేనా? టేపు గీపు వద్దన్నదట. జంపఖానా తీసి గిట్ల సగానికి మడిసి, మళ్ళ ఐమూలగ మడిసి చూపిచ్చిందట. తాత పరేషాన్! ట్రాక్టర్ల పక్కన కూసోవెట్టుకుని తీస్కపోయిండట."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా చేతిలో అప్పుడే ఎవరో ఇచ్చిన చాయ్ ఉంది. ఊరుకోవాలనుకున్నాను. తల్లి పోయిన పిల్ల. ఊరుకోలేకపోయాను.

"మడిసింది నేను" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ఆ అమ్మాయి నవ్వింది. ఎగతాళిగా కాదు, పెద్దవాళ్ళను చూసి నవ్వే నవ్వు. "నువ్వా అత్తమ్మా? నువ్వు గూడ పోయేదానివా?"

"ఆ రోజు నేనే పోయిన. మీ అమ్మ ఇంట్ల ఉండె."

"అవునా? ఎవరు మడిస్తే ఏముంది తియ్యి అత్తమ్మా, ఇద్దరూ తాత పిల్లలే గదా" అంది. అని లేచి, వెళ్ళిపోతున్న చుట్టాల సంచులు తెచ్చివ్వడానికి లోపలికి పోయింది. పిల్లలు కుర్చీలు ఎగబాకడంలో పడ్డారు.

వదిన తన కూతురికి ఎలా చెప్పిందో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టే చెప్పి ఉండొచ్చు. విన్న పిల్ల తల్లికి కలిపి ఉండొచ్చు. ఏళ్ళు గడిచే కొద్దీ వదినే అలా అనుకుని ఉండొచ్చు కూడా. అడుగుదామంటే ఆమె లేదు. చాచా పోయాడు, అమ్మ పోయింది. బాపును అడిగితే ఎవరైతేంది అనేవాడు. ఆ మడత నాదేనని ఒకసారి ఎదురుగా కూర్చుని నాతో చెప్పిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. నేను జీవితమంతా ఎవరికి దూరంగా జరిగి నిలబడ్డానో, నా తరఫున సాక్ష్యం చెప్పగలిగింది ఆమే. ఇప్పుడు నేను ఆ మాట అంటే ఒక ముసలమ్మ చచ్చిపోయిన మనిషితో పోటీకి వస్తున్నదని అనుకుంటారు. అనుకున్నా అబద్ధం కాదు.

చాయ్ చల్లారింది. ఇవాళ పొద్దున టెంటువాళ్ళు వచ్చి పైపులు విప్పారు. వాళ్ళు ఉన్నంతసేపూ నిలబడి చూశాను. దినం నాడు కూడా వాకిలి నాలుగు వైపులా తెరుచుకునే ఉంది. ఆడవాళ్ళు అందరిముందే నిలబడి పళ్ళేలు పట్టుకుని తిన్నారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. మెదక్‌లో ఇప్పుడు పెళ్ళికి గానీ చావుకు గానీ ఎవరూ ఖనాతులు కట్టించుకోరు.